అద్దం తుడిచే పని

కారులో హీటరు అనేది ఒకటి ఉంటుందన్న సంగతి మా కుందుర్పిలో ఎవరికీ పట్టదు. ఏడాదిలో పది నెలలు ఎండ మాడ్చి వదిలిపెడుతుంది. ఇక్కడ కారు కొనేవాడు ఏసీ పనిచేస్తుందా అని అడుగుతాడు గాని, వేడి గాలి వస్తుందా అని అడిగితే వాడికి మతి చలించిందనుకుంటారు. పాత కారు కొన్నప్పుడు నేనూ అడగలేదు. అడగాల్సిన వస్తువేనని పోయినేడు చలికాలంలో తెలిసొచ్చింది.

నాకు బస్టాండు వెనకాల పిండి మిషను ఉంది. ముప్పై ఏళ్ళుగా రాగులు, జొన్నలు, గోధుమలు ఆడిస్తున్నాను. ఆ రొదలో మాట్లాడీ మాట్లాడీ నా గొంతు పెద్దదైపోయింది. కోపం కూడా దాంతోపాటే పెరిగిందని మా ఆమె అంటుంది. ఆ మిషనులో సగం పని ఆమెదే. తూకం ఆమె వేసేది, జల్లెడ ఆమె పట్టేది, ఎవరి సంచి ఏదో ఆమెకే గుర్తుండేది. రెండేళ్ళ కిందట ఆమె కాళ్ళు వాచాయి. తర్వాత మొహం వాచింది. అనంతపురంలో డాక్టరు కాగితాలు చూసి, రెండు కిడ్నీలూ పోయాయి, వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకోవాలి అన్నాడు. ఎన్నాళ్ళు అని అడిగితే తలెత్తి నా వైపు చూసి, మళ్ళీ కాగితాల్లోకి దించుకున్నాడు.

నేను ఆ రోజు ఏడవలేదు. తర్వాత కూడా ఏడవలేదు. కాలికి తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు కదా, నాకు మనిషి మొత్తానికి అట్లా అయింది. తినేవాణ్ణి, మిషను ఆడించేవాణ్ణి, కారు తోలేవాణ్ణి. ఆమెకు ఉప్పు వద్దన్నారని ఇంట్లో చప్పిడి కూర చేస్తే, అది చప్పగా ఉన్న సంగతే నాకు తెలిసేది కాదు. డిసెంబరులో ఊరంతా చెవులకు మఫ్లరు చుట్టుకుని మంటల దగ్గర కూర్చుంటే నేను చొక్కా మీదే తిరిగేవాణ్ణి. “స్వెట్టరేసుకో అప్పా, బండరాయా నువ్వు?” అని టీ కొట్టాయన తిట్టేవాడు. బండరాయినే కాబోలు అనుకుని ఊరుకునేవాణ్ణి.

నాకు చేతనైంది ఒక్కటే కనిపించింది. ఆమె చేత ఏ పనీ చేయించకుండా ఉండడం. డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఎడమ చేతిలో నరాలు కలిపి ఆపరేషన్ చేశారు. ఆ చేత్తో బరువు ఎత్తకూడదన్నారు. నేను కుడి చేత్తో కూడా ఎత్తనివ్వలేదు. పిండి దుమ్ము పడదని మిషను దగ్గరికి రానివ్వలేదు. బిందె ముట్టనివ్వలేదు. పొయ్యి దగ్గరికి పోతే అరిచేవాణ్ణి. అనంతపురంలోనే ఇల్లు బాడుగకు తీసుకోమని బంధువులు చెప్పారు. “ఆడ నాకేం పని ఉంటాది?” అని ఆమె ఒప్పుకోలేదు. ఇక్కడ మాత్రం ఏం పని మిగిలిందని నాకు అప్పుడు తోచలేదు.

సోమవారం, బుధవారం, శుక్రవారం. పొద్దున ఏడింటికి మొదటి వంతులో ఆమెకు డయాలసిస్. నాలుగున్నరకు బయల్దేరితే కళ్యాణదుర్గం మీదుగా సమయానికి చేరతాము. అరగంట ఆలస్యమైతే ఆ మంచం ఇంకొకరికి పోతుంది, మనం సాయంత్రం దాకా కాచుకోవాలి. వినడానికి చిన్న సంగతే. కానీ రెండు రోజుల నీళ్ళన్నీ ఆమె ఒంట్లోనే ఉంటాయి. ఒకసారి దారిలో టైరు పంక్చరై మా వంతు పోయింది. మధ్యాహ్నానికి ఆమెకు ఊపిరి ఆడలేదు. బెంచీ మీద వెనక్కి ఆనుకోలేక, ముందుకు వంగి, నోరు తెరుచుకుని కూర్చుంది. నేను పక్కన నిలబడి గోడ గడియారం చూశాను. ఎవరో పరాయి మనిషిని చూస్తున్నట్టే ఉంది. అదే నాకు భయం వేయాల్సిన విషయం, భయం కూడా వేయలేదు. ఇంకెప్పుడూ ఏడు దాటకూడదని మాత్రం అనుకున్నాను.

అట్లా ఉండగా గోరుచుట్టు మీద రోకటి పోటులాగా మంచు మొదలైంది. బయట మంచు ఎట్లాగో ఓర్చుకోవచ్చు, లైట్లు కిందికి వేసుకుని నెమ్మదిగా పోవచ్చు. లోపలి సంగతే కుదరలేదు. ఊరు దాటేలోపు మా ఇద్దరి ఊపిరికీ ముందు అద్దం లోపలి వైపు తెల్లగా మసకబారేది. మిట్ట మీద గాలిమరల ఎర్ర లైట్లు కూడా కనిపించేవి కావు. దారి ఎక్కడుందో, చేను ఎక్కడుందో తెలిసేది కాదు.

ఏసీ వేస్తే అద్దం శుభ్రమవుతుందని నాకు తెలుసు. వేశాను కూడా. అద్దం శుభ్రమైంది, ఆమె పళ్ళు కటకటమన్నాయి. ఒంట్లో రక్తం తక్కువ, రెండు దుప్పట్లు కప్పుకున్నా వణుకుతుంది. ఏసీ ఆపేశాను. కిటికీలు దించినా అదే కథ. టీ కొట్టు దగ్గర ఒక లారీ డ్రైవరు, బంగాళాదుంప, మేము ఉర్లగడ్డ అంటాము, దాన్ని కోసి అద్దానికి రుద్దమన్నాడు. రుద్దాను. ఎదురుగా బస్సు వస్తే అద్దమంతా చారలు చారలుగా మెరిసి, ఉన్న కాస్త చూపు కూడా పోయింది.

మా ఆమె నవ్వింది. “నన్ను తినద్దన్న ఉర్లగడ్డ అద్దానికి తినిపిస్తాండావా?”

తర్వాత నేనే వెతకడం మొదలుపెట్టాను. మిషను బాగుచేసుకునేవాడికి కారు ఒక లెక్కా అని నా ధీమా. దుమ్ము రాకుండా బయటి గాలి మూసే మీట ఒకటి ఉంటుంది. కొన్నప్పటి నుంచి అది మూసే ఉంది. ఇద్దరి ఊపిరీ లోపలే తిరిగితే అద్దం చెమర్చక ఏం చేస్తుంది? దాన్ని తెరిచాను. కొంచెం మేలనిపించింది. డ్యాష్‌బోర్డు కింద గాలి జల్లెడ ఊడదీస్తే దానినిండా రాగి పిండి, శనక్కాయ పొట్టు. దులిపి పెట్టాను. గాలి జోరుగా వచ్చింది, కానీ చల్లగా వచ్చింది. వేడి పెంచే మీటను ఎర్ర గీత చివరిదాకా తిప్పినా, ఇంజను ముప్పై కిలోమీటర్లు నడిచి వేడెక్కినా, అద్దం కిందినుంచి వచ్చేది చల్ల గాలే.

ఇన్ని రోజులూ అద్దం తుడిచింది మా ఆమె. పాత నూలు చీర పేలిక ఒకటి ఒళ్ళో పెట్టుకునేది. ఎడమ చేతిని శాలువా కింద దాచుకుని, కుడి చేయి చాచి, ముందు నా ఎదురుగా ఉన్న అద్దం తుడిచేది, తర్వాత తన వైపు. మళ్ళీ నా వైపు. రెండున్నర గంటల దారీ అదే పని. నేను వద్దంటూనే ఉన్నాను. వద్దంటూనే ఆమె తుడిచిన మేర చూసుకుని తోలేవాణ్ణి.

ఒక బుధవారం కళ్యాణదుర్గం ఇంకా రాలేదు. ఆమె తన వైపు అద్దం తుడుస్తూ ఉన్నట్టుండి “ట్రాక్టరు!” అని కేకేసింది. బ్రేకు తొక్కాను. శనక్కాయ కట్టె ఎత్తుకున్న ట్రాక్టరు, వెనక లైటు లేదు, మా ముందు ఒక బారెడు దూరంలో ఉంది. నాకది కనిపించనే లేదు. ట్రాక్టరు తోలేవాడికి మేము ఉన్నట్టు కూడా తెలియదు, తన దారిన తాను పోయాడు.

ఆ రోజు ఆస్పత్రిలో నర్సమ్మ ఆమె కుడి చేయి పట్టుకుని, “ఏమమ్మా, చెయ్యి ఇంత చల్లగా ఉండాది?” అంది.

“బండి నేనే తోలుకొచ్చినా. ఆయప్ప ఊరికే చక్రం పట్టుకోని కూచ్చుంటాడు. దావ చూపించేది నేను,” అని మా ఆమె చెప్పింది.

పక్క మంచాలవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. చాలా రోజులకు అంత పెద్దగా నవ్వింది. నేను మందుల చీటీ మడుచుకుంటూ, ఈ హీటరు సంగతి తేల్చాలి, ఈ మనిషికి ఈ కష్టం తప్పించాలి అనుకున్నాను. నా బుర్రకు అందింది అంతే.

మరునాడు ఒక్కణ్ణే కళ్యాణదుర్గంలో మెకానిక్ భాయ్ దగ్గరికి పోయాను. ఈ కారు కొన్నప్పటి నుంచి దాని మంచీ చెడూ చూసేది ఆయనే. మాట మెత్తన, చేయి గట్టి. బానెట్ ఎత్తి, ఒక్కసారి తొంగిచూసి, నన్ను దగ్గరికి పిలిచాడు.

“ఇది చూడన్నా. ఇంజనులో నుంచి హీటరుకు పోయే పైపొకటి, వచ్చే పైపొకటి. రెండింటినీ ఈడే కలిపేసి క్లిప్పులేసుండాది. వేడి నీళ్ళు లోపలికే పోకపోతే వేడి గాలి యాడ నుంచి వస్తాది?”

నాకు రక్తం తలకెక్కింది. “ఎవురు చేసిందీ పని? ఏ వెధవ చేసింది?”

“చేసింది నేనే. చేయించింది నువ్వు.”

అప్పుడు గుర్తొచ్చింది. మూడేళ్ళ కిందట ఎడమ సీటు కింద చాప తడిసి వాసన వచ్చేది. హీటరు పెట్టె కారుతోందని ఆయన కనిపెట్టాడు. రేడియేటరులో కూలెంటు పోయకుండా మా బోరు నీళ్ళు పోశాను నేను. ఊరంతా పోసేది అవే. ఆ ఉప్పు నీళ్ళకు మా ఇంట్లో బిందెలే తెల్లగా పెచ్చులు కడతాయి, సన్నటి గొట్టాల హీటరు ఏపాటిది? లోపలంతా సున్నం కట్టి, తుప్పు పట్టి, చిల్లు పడింది. కొత్తది బెంగుళూరు నుంచి తెప్పించాలి అన్నాడు. “ఈ ఊర్లో హీటరు ఎవురికి కావల్ల? పీకి పారెయ్ అప్పా,” అన్నది నేనే. అని, మరిచిపోయాను. ఇప్పుడు చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆయన మీద అరుస్తున్నాను.

“కొత్తది తెప్పియ్ భాయ్,” అన్నాను.

వారం పట్టింది. డ్యాష్‌బోర్డు మొత్తం విప్పి కొత్త హీటరు బిగించి, కూలెంటు నింపి, మీటను ఎర్ర గీత మీద పెట్టాడు. “ఇంగ దీన్ని ముట్టద్దు. బోరు నీళ్ళు పోసినావంటే నా దగ్గరికి రావద్దు,” అన్నాడు. గాలికి చేయి పెట్టి చూస్తే రొట్టెల పెనం మీద పెట్టినట్టుంది.

మొదటి సోమవారం అద్దం అద్దంలా ఉంది. చుక్క తేమ లేదు. దారి, గట్లు, గాలిమరల ఎర్ర లైట్లు, అన్నీ కనిపించాయి. గెలిచినట్టు మా ఆమె వైపు చూశాను. ఆమె పేలికను నాలుగు మడతలు పెట్టి ముందున్న అరలో పెట్టేసింది. అనంతపురం దాకా ఒక్క మాట మాట్లాడలేదు. వెచ్చగా ఉంది కదా, నిద్రపోయిందేమో అనుకున్నాను. కళ్ళు తెరిచే ఉన్నాయి. బుధవారమూ అంతే. ఆస్పత్రిలో నర్సమ్మ పలకరిస్తే “ఊ” అన్నది. శుక్రవారం ఇడ్లీ పెడితే సగం వదిలేసింది.

రెండో వారం అద్దం మళ్ళీ తెల్లబడింది. చేయి పెట్టి చూస్తే చల్ల గాలి. నాకు ఒళ్ళు మండిపోయింది. మీట మీద చేయి వేయబోతే, “నువ్వు దావ చూడప్పా, మళ్ళా ట్రాక్టరుకు గుద్దేవు,” అని ఆమె అప్పటికే పేలిక తీసి తుడుస్తోంది. ఆ మీట దగ్గర లైటు ఎప్పుడో పోయింది, చీకట్లో ఎట్లాగూ కనిపించదు. ఆస్పత్రి చేరాక, ఆమెను లోపల పడుకోబెట్టి వచ్చి ఇంజను వేసి చూస్తే మీట ఎర్ర గీత మీదే ఉంది, గాలి వేడిగానే వస్తోంది.

మెకానిక్ భాయ్ దగ్గరికి పోయి నోటికొచ్చిందంతా అన్నాను. ఆయన పైపులు పట్టుకుని చూశాడు, బండి తోలి చూశాడు. ఏ లోపమూ లేదన్నాడు. బుధవారం మళ్ళీ చల్ల గాలి. గురువారం తెల్లవారకముందే లేచి నేనొక్కణ్ణే బెళుగుప్ప దాకా తోలి చూశాను. వేడికి చెమట పట్టింది. నేరుగా వెనక్కి తిరిగి ఆయన షాపు తెరిచేదాకా కాచుకుని, మళ్ళీ అరిచాను. ఆయన చేతులు గుడ్డకు తుడుచుకుంటూ నెమ్మదిగా అడిగాడు.

“అరవద్దన్నా, చెప్పు. నువ్వొక్కడివే తోలినప్పుడు పని చేస్తాండాదా?”

“చేస్తాండాది.”

“వదినమ్మ కూచున్నప్పుడు?”

“చేయడంల్యా.”

“బండికి మనుషులు తెలీదు కదన్నా,” అని, ఆయన ఇంకో బండి కిందికి దూరిపోయాడు.

ఆ మాట నాకు రోజంతా అర్థం కాలేదు. అర్థం అయినాక నమ్మకం కుదరలేదు.

శుక్రవారం ఎప్పటిలాగే ఆమెను సీట్లో కూర్చోబెట్టి, ఇంజను వేడెక్కనిచ్చి, గేటు మూయడానికి దిగాను. ఈసారి నా వైపు తలుపు మూయలేదు. తలుపు తెరిచి ఉంటే లోపల కప్పు లైటు వెలుగుతూ ఉంటుంది. గేటు గడియ పట్టుకుని, కారు వెనక అద్దంలోంచి లోపలికి చూశాను. శాలువాలోంచి ఆమె కుడి చేయి బయటికొచ్చింది. మీట పట్టుకుని, ఎర్ర గీత మీద నుంచి నీలం గీత చివరిదాకా తిప్పింది. చేయి మళ్ళీ శాలువాలోకి పోయింది. ఆస్పత్రి దగ్గర నేను దిగి ఆమె తలుపు తీసేలోపు దాన్ని తిరిగి ఎర్ర గీత మీద పెడుతోందన్నమాట. ఏమీ ఎరగనట్టు ముందుకు చూస్తూ కూర్చుంది.

వచ్చి కూర్చున్నాను. ఆ రెండు అడుగుల్లోనే ఎంత తిట్టాలో అంతా కూర్చుకున్నాను. ఏడింటి సంగతి, బెంచీ మీద ఊపిరాడని రోజు సంగతి, ట్రాక్టరు సంగతి.

“ఏమ్మే, ఇప్పుడేం చేసినావు?”

ఆమె అబద్ధం చెప్పలేదు. “తిప్పినా,” అన్నది.

“యాల?”

శాలువా సర్దుకుంది. తర్వాత నా వైపు చూడకుండానే చెప్పింది.

“మిషను కాడికి రావద్దంటివి. బిందె ముట్టద్దంటివి. పొయ్యి కాడికి పోతే అరిస్తివి. రాగుల సంచిని ఎక్కించుకోని పోయినట్ల ఎక్కించుకోని పోతాండావు, దించుకోని వస్తాండావు. నీ తప్పు లేదులే. ఈ అద్దం తుడిచే కాడన్నా నేనొక మనిషి ఉండానని నాకు అనిపిస్తాండె. అదీ లేకపోతే నేను ఆడికి పోయేది ఎందుకు, ఆ సూదులు గుచ్చుకునేది ఎందుకు?”

ముప్పై ఏళ్ళు మిషను రొద మీదుగా అరిచిన గొంతు నాది. ఆ గొంతుతోనే ఆమెను ప్రతి పని దగ్గరి నుంచీ తరిమాను. ఏడు ఒక్క నిమిషం దాటినా ఆమె ప్రాణం మీదికొస్తుందని నేను గడియారం చూసుకుంటూ తిరిగాను. ఆమె అసలు పోవడమే మానుకుందామనుకుంటోందని నాకు తెలియలేదు. నేనొక్కణ్ణే బండరాయిని అయ్యాననుకున్నాను. పక్కనున్న మనిషిని కూడా నేనే రాయిని చేసి కూర్చోబెట్టాను.

బండి తీశాను. మీట ముట్టుకోలేదు. ఊరు దాటేసరికి అద్దం తెల్లబడింది. ఆమె అరలోంచి పేలిక తీసి, మడతలు విప్పి, నా ఎదురుగా ఒకసారి, తన వైపు ఒకసారి తుడిచింది. నేను నలభై దాటకుండా తోలాను. ఆ వేగానికి సరిపోవాలంటే ఇక మీదట నాలుగింటికే బయల్దేరాలని లెక్క వేసుకున్నాను.

“గుంత,” అంది. చక్రం తిప్పాను. “గొర్రెలు,” అంది. ఆగాను. మంద అంతా దాటేదాకా ఆమె అద్దం తుడుస్తూనే ఉంది.

కళ్యాణదుర్గం దాటాక నా చేతులు చక్రం మీద నిలవలేదు. వేళ్ళు కొంకర్లు పోయాయి. భుజాలు వణికాయి. ఇదేంటో నాకు మొదట తెలియలేదు.

ఆమె గమనించింది. “చలేస్తాందా నీకు?”

“చలేస్తాంది,” అన్నాను.

“హీటరేసుకుందామా?”

“వద్దు. నువ్వు తుడువు.”

ఆమె తుడిచింది. అద్దం శుభ్రంగానే ఉంది, నాకే దారి అలికినట్టు కనిపించింది. బండి పక్కకు తీసి ఆపాను. ఆమె నా మొహం చూసింది. పేలికను తిప్పి, పొడిగా ఉన్న వైపు పైకి పెట్టి నా చేతిలో పెట్టింది.

“అద్దం నేను తుడుస్తా. కండ్లు నువ్వే తుడుచుకో. బిర్నా కానీ, ఏడవుతాంది.”

ఏడుకు నాలుగు నిమిషాలు ఉండగా చేరాము. మంచం మీద పడుకోబెట్టాక నర్సమ్మ ఆమె చేయి పట్టుకుని, “ఏమమ్మా, మళ్ళా ఇంత చల్లగా ఉండాది?” అని అడిగింది. ఆమె నోరు తెరిచేలోపు నేనే జవాబు చెప్పాను.

“ఈరోజు బండి ఆమెనే తోలుకొచ్చింది.”